మోకాలి మార్పిడికి కంప్యూటర్ తోడు: దాత తెలుసుకోవలసిన సంగతులు



వైద్య సహాయం కోరుతూ సేవా సంఘాలకు వచ్చే అర్జీల్లో మోకాళ్ల ఆపరేషన్‌కు సంబంధించినవి ఏటేటా ఎక్కువవుతున్నాయి. వాటితోపాటు ఒక కొత్త మాట కూడా వస్తున్నది. "కంప్యూటర్ నావిగేషన్ ద్వారా చేస్తామన్నారు, దానికి అదనంగా కట్టాలన్నారు" అని రోగి బంధువులు చెబుతారు. ఆ అదనపు మొత్తం ఇవ్వడం సబబేనా, ఆ డబ్బుతో మరొకరికి సాయం చేయవచ్చా అన్నది దాత ముందుండే ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ఆ యంత్రం ఏం చేస్తుందో, ఏం చేయదో మనకు తెలిసి ఉండాలి. ఈ వ్యాసం అందుకోసమే.

మన ప్రాంతంలో మోకాళ్లు ఎందుకు అరుగుతాయి?

ఖమ్మం మిర్చికి పేరున్న జిల్లా. ఆ మిర్చి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. గొంతుకూర్చుని, వంగి, మళ్లీ లేచి, నెలల తరబడి అదే పని. పత్తి తీతా అంతే. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల, చింతూరు వైపు వెళితే వేసవిలో తునికాకు కోత, ఇప్పపువ్వు ఏరడం, తలమీద కట్టెల మోపుతో కిలోమీటర్ల నడక. కొత్తగూడెం, మణుగూరు, ఇల్లెందుల్లో బొగ్గు గనుల్లో ఏళ్ల తరబడి పనిచేసి దిగిపోయిన కార్మికులు ఉన్నారు. వయసు, ఒంటి బరువు, వంశం, పాత దెబ్బలు కూడా కారణాలే. అయితే మోకాలిమీద ఇంత భారం మోసిన వారికి అరుగుదల త్వరగా రావడంలో ఆశ్చర్యం లేదు.

మోకీలు దగ్గర తొడ ఎముక కింది కొనకూ, కాలి ఎముక పై కొనకూ నున్నటి మెత్తటి పొర ఉంటుంది. దీన్నే మనవాళ్లు "గుజ్జు" అంటారు. అది అరిగితే ఎముకకు ఎముక రాసుకుంటుంది. మన దేశంలో ఎక్కువమందికి మోకాలి లోపలి వైపు ముందుగా అరుగుతుంది. దాంతో కాళ్లు బయటికి వంగి దొడ్డికాళ్లవుతాయి. వంగినకొద్దీ బరువంతా లోపలి వైపే పడి, ఉన్న కాస్త గుజ్జు కూడా అరుగుతుంది.

నొప్పి మొదలైన ప్రతివారికీ ఆపరేషన్ అక్కరలేదు. బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, చేతికర్ర, వైద్యుడు రాసిన మందులతో ఏళ్లపాటు నెట్టుకొచ్చేవారు ఎందరో. ఇవన్నీ చేసినా రాత్రి నిద్రపట్టని నొప్పి ఉన్నప్పుడు, ఇంట్లో నాలుగడుగులు కూడా కష్టమైనప్పుడు మార్పిడి గురించి ఆలోచించాలి.

మార్పిడి అంటే ఏం మారుస్తారు?

"మోకాలి చిప్పల ఆపరేషన్" అనేది వాడుక మాట. నిజానికి చాలామందికి చిప్ప అలాగే ఉంటుంది. అరిగిన ఎముక కొనలను కొద్ది మిల్లీమీటర్ల మందాన కోసి, తొడ ఎముకకు లోహపు తొడుగు, కింది ఎముకకు లోహపు పళ్లెం అమరుస్తారు. రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ దిమ్మ ఉంటుంది. సాధారణంగా ఎముక సిమెంటుతో వీటిని అతికిస్తారు.

నేడు వాడే మోకాళ్లకు మూలమైన నమూనా 1974 నుంచి న్యూయార్కులోని హాస్పిటల్ ఫర్ స్పెషల్ సర్జరీలో వాడుకలోకి వచ్చింది. దాన్ని రూపొందించిన బృందంలో డాక్టర్ జాన్ ఇన్సాల్‌తోపాటు మన దేశం నుంచి వెళ్లిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్ కూడా ఉన్నారు. 2000 అక్టోబరులో ఒకటి, 2001 జూన్‌లో రెండోది, అప్పటి ప్రధాని వాజ్‌పేయి రెండు మోకాళ్లకూ ముంబైలో ఆపరేషన్ చేసింది ఈ రణావత్ గారే. ఆ వార్తలు చూశాకే మన ఊళ్లలో చాలామందికి ఇలాంటి ఆపరేషన్ ఒకటుందని తెలిసింది.

కొత్త మోకాలు ఎంతకాలం వస్తుంది? వివిధ దేశాల రికార్డులను కలిపి చూసి 2019లో లాన్సెట్ పత్రికలో ప్రచురించిన అంచనా ప్రకారం, పూర్తి మోకాలి మార్పిడిలో 100కు సుమారు 82 మోకాళ్లు 25 ఏళ్లపాటు పనిచేస్తాయి. మామూలుగా చేసిన ఆపరేషన్లే ఇంత మంచి ఫలితం ఇస్తున్నాయన్నది ముందుగా గుర్తుపెట్టుకోవాలి.

కంప్యూటర్ చేసే పని

కారు చక్రాల అలైన్‌మెంట్ తప్పితే ఏమవుతుందో మీకు తెలుసు. టైరు ఒకవైపే అరుగుతుంది. కొత్త మోకాలిదీ అదే కథ. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్య వరకు ఒక దారం లాగి పట్టుకుంటే, అది మోకాలి మధ్యగా పోవాలి. ఆ గీతకు అనుగుణంగా ఎముక కోతలు పడాలి. సాధారణంగా 3 డిగ్రీల లోపు తేడాను మంచి అమరికగా లెక్కిస్తారు.

మామూలు పద్ధతిలో సర్జన్ తొడ ఎముక లోపలికి ఒక పొడవాటి కడ్డీ పంపి, దాన్ని ఆధారం చేసుకుని 5 నుంచి 7 డిగ్రీల కోణం లెక్కగట్టి కోత పెడతాడు. తొడ ఎముక తిన్నగా ఉన్నవారికి ఇది బాగా పనిచేస్తుంది. ఎముకే విల్లులా వంగి ఉంటేనో, ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుని ఉంటేనో, లోపల పాత రాడ్డు ఉంటేనో ఆ కడ్డీ సరైన దారి చూపలేదు.

నావిగేషన్‌లో కొలత వేరే విధంగా తీస్తారు. తొడ ఎముకకూ కింది ఎముకకూ సన్నని పిన్నులు బిగించి, వాటికి మెరిసే చిన్న గోళీలున్న గుర్తులు తగిలిస్తారు. పక్కన నిలబెట్టిన కెమెరా ఆ గుర్తులు ఎక్కడ కదిలితే అక్కడ పట్టుకుంటుంది. అది వాడేది టీవీ రిమోట్ నుంచి వచ్చేలాంటి, కంటికి కనబడని కిరణం. తర్వాత సర్జన్ కాలిని నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతాడు. కళ్లంలో గుంజకు కట్టిన ఎద్దు తిరిగిన చుట్టు చూస్తే గుంజ ఎక్కడుందో చెప్పగలం కదా, అలాగే ఆ చుట్టును బట్టి తుంటి కీలు మధ్యబిందువును కంప్యూటర్ లెక్కగడుతుంది. తుంటిని కోసి చూడాల్సిన పని లేదు. తర్వాత ఒక ములుకుతో చీలమండ రెండు వైపులా, మోకాలి ఎముకల మీద అక్కడక్కడా తాకుతాడు. దీంతో ఆ రోగి కాలి నమూనా తెరమీద తయారవుతుంది.

ఇక కోత పెట్టే పనిముట్టును ఎముకపై ఆనించగానే, ఎన్ని డిగ్రీల వాలు ఉన్నదీ, ఎన్ని మిల్లీమీటర్ల ఎముక పోతున్నదీ తెరమీద కనిపిస్తుంది. కోసిన తర్వాత మళ్లీ కొలిచి, తేడా ఉంటే అక్కడే సరిదిద్దవచ్చు. కాలు చాపినప్పుడూ మడిచినప్పుడూ రెండు వైపులా సందు సమానంగా ఉందో లేదో కూడా చూడవచ్చు. మేస్త్రీకి రసమట్టం ఎలాగో సర్జన్‌కు ఇది అలాగ. రసమట్టం గోడ కట్టదు. మేస్త్రీ చేయి బాగుంటే ఆ చేతికి అది తోడు.

కాబట్టి "ఆపరేషన్ కంప్యూటరే చేస్తుందట" అనే మాట సరికాదు. కోసేది, అమర్చేది సర్జనే. రోబో పద్ధతిలో కోత పరిధి దాటకుండా యంత్రపు చేయి అడ్డుకోవడం వంటి సదుపాయాలు ఉంటాయి. అది వేరే పద్ధతి, ఖర్చూ వేరు. రోగి తెచ్చిన అంచనా కాగితంలో ఈ రెండింటిలో ఏది రాశారో చూసుకోవాలి.

ఈ విధానంతో తొలి మోకాలి మార్పిడి 1997 జనవరిలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ నగరంలో డాక్టర్ డొమినిక్ సరగాలియా బృందం చేసింది. మన దేశంలో ముంబైకి చెందిన డాక్టర్ అరుణ్ ముల్లాజీ బృందం 467 మోకాళ్ల మీద రెండు పద్ధతులనూ పోల్చి 2007లో ఫలితాలు ప్రచురించింది. నేడు హైదరాబాదులోని పెద్ద ఎముకల ఆసుపత్రుల్లో ఈ సదుపాయం ఉంది.

లాభం ఎంత? లెక్కగా చూద్దాం

2007లో 29 అధ్యయనాలను కలిపి వేసిన లెక్క ఒకటుంది. మామూలు పద్ధతిలో 100 మందిలో సుమారు 32 మందికి కాలి అమరిక 3 డిగ్రీలకు మించి తప్పింది. కంప్యూటర్ తోడుతో చేసినప్పుడు ఆ సంఖ్య 9కి తగ్గింది. అంటే కొలత విషయంలో యంత్రం మాట నిలబెట్టుకున్నది.

అయితే కొలత బాగుంటే మోకాలు ఎక్కువ కాలం మన్నుతుందా? ఇక్కడ జవాబు అంత సూటిగా లేదు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 398 మోకాళ్లను 15 ఏళ్లపాటు గమనించి 2010లో ప్రచురించిన ఫలితాల్లో, 3 డిగ్రీల లోపు అమరిన వాటికీ దాటిన వాటికీ మన్నికలో చెప్పుకోదగ్గ తేడా లేదు. మరోవైపు, ప్రతి మోకాలి ఆపరేషన్‌నూ నమోదుచేసే ఆస్ట్రేలియా జాతీయ రిజిస్ట్రీ లెక్కలు 2015లో వచ్చాయి. 65 ఏళ్ల లోపు వారిలో 9 ఏళ్లకు మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు మామూలు పద్ధతిలో 100కు 7.8, నావిగేషన్‌తో 6.3.

మరోలా చెప్పాలంటే, 65 ఏళ్ల లోపు రోగులు 200 మందికి ఈ యంత్రం వాడితే ముగ్గురికి రెండో ఆపరేషన్ తప్పుతుంది. ఇది చిన్న లాభమే, కాని కొట్టిపారేయదగినది కాదు. అడవి అంచున ఉండేవారి విషయంలో దీన్ని ఇంకాస్త బరువుగా చూడాలి. మన దగ్గర మోకాళ్లు పోగొట్టుకునేవారిలో యాభైల్లో ఉన్న కూలి మనుషులూ ఉన్నారు. వారికి రెండో ఆపరేషన్ అంటే మొదటిదానికన్నా పెద్దది, ఖరీదైనది. చర్ల నుంచో చింతూరు నుంచో హైదరాబాదుకు మళ్లీ 300 కిలోమీటర్లకు పైగా ప్రయాణం, మళ్లీ కూలి పోవడం, మళ్లీ ఒకరు తోడు ఉండడం.

నొప్పి తగ్గడంలోనూ, నడకలోనూ మాత్రం రెండు పద్ధతుల మధ్య రోగికి తెలిసేంత పెద్ద తేడా ఉన్నట్టు అధ్యయనాలు చూపలేదు. ఆపరేషన్ సమయం కొంత పెరుగుతుంది. పిన్ను దిగినచోట చీము పట్టడం, అరుదుగా ఎముక చిట్లడం జరగవచ్చు. ఎముక లోపలికి కడ్డీ పోనందువల్ల మూలుగలోని కొవ్వు రక్తంలోకి చేరే అవకాశం తగ్గడం మాత్రం ఒక మేలు.

కావున దాతకు ఇలా చెప్పవచ్చు. తొడ ఎముక వంగి ఉన్నా, పాత విరుగుడు ఉన్నా, లోపల రాడ్డు లేక ప్లేటు ఉన్నా, దొడ్డికాళ్లు బాగా ముదిరినా, వయసు తక్కువైనా నావిగేషన్ కోసం అదనంగా ఇవ్వడం సమంజసం. ఎముకలు తిన్నగా ఉండి, వయసు 70 దాటి, అనుభవమున్న సర్జన్ మామూలు పద్ధతిలో చేస్తానంటే ఆ అదనపు డబ్బు మరో చోట ఎక్కువ పనికొస్తుంది. ఇందులో ఏది అన్నది తుంటి నుంచి చీలమండ దాకా నిలబెట్టి తీసిన పొడవాటి ఎక్స్‌రే చెబుతుంది. అర్జీతోపాటు ఆ ఎక్స్‌రే ఉందా అని అడగండి. మోకాలి దగ్గర మాత్రమే తీసిన చిన్న ఎక్స్‌రేలో తొడ ఎముక వంకర కనబడదు.

డబ్బు కట్టే ముందు

2017 ఆగస్టు 16న కేంద్ర ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర నిర్ణయించింది. అప్పటివరకు సగటున లక్షన్నరకు పైగా ఉన్న కోబాల్ట్ క్రోమియం మోకాలికి 54,720 రూపాయలు, టైటానియం వంటి ప్రత్యేక లోహాలవాటికి 76,600 రూపాయలు ఖరారు చేసింది. జీఎస్టీ అదనం. ఆ తర్వాత స్వల్ప మార్పులు జరిగాయి. ఈ హద్దు ఇంప్లాంట్‌కే వర్తిస్తుంది. గది అద్దె, సర్జన్ ఫీజు, నావిగేషన్ చార్జీ దీనిలోకి రావు. అందుకే అంచనా కాగితంలో ఇంప్లాంట్ ధర, నావిగేషన్ చార్జీ విడివిడిగా రాయించుకోవాలి. బిల్లులో ఇంప్లాంట్ కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉండాలి. ఆ వివరాలు రోగి ఇంట్లో భద్రంగా ఉంచుకుంటే పదేళ్ల తర్వాత అవసరం పడినా పనికొస్తాయి.

ప్రభుత్వ మార్గం కూడా ముందే చూడాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెరిగింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మోకాలి మార్పిడి జరుగుతున్నది. ఏ ఆసుపత్రిలో వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను అడిగితే చెబుతారు. సింగరేణిలో రిటైరైన వారికి సంస్థ వైద్య కార్డు ఉందేమో కనుక్కోవాలి.

సరిహద్దు చిక్కు ఒకటి ఉంది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. అక్కడివారికి దగ్గరి పట్టణం నేటికీ భద్రాచలమే, చేతిలోని కార్డు మాత్రం ఆంధ్రప్రదేశ్‌ది. ఏ రాష్ట్రపు ఆసుపత్రిలో ఆ కార్డు చెల్లుతుందో ముందుగా తేల్చకుండా రోగిని బండి ఎక్కిస్తే, ఆసుపత్రి కౌంటరు దగ్గర ఆగిపోవలసి వస్తుంది. ఒక వాలంటీరు ఒక పూట కూర్చుని ఈ కాగితాలు సరిచూడడం వేల రూపాయల చందాతో సమానం.

యంత్రం ఇవ్వలేనివి

ఆపరేషన్ బల్ల దిగిన తర్వాత మొదటి ఆరు వారాలు చాలా కీలకం. రోజూ కాలు మడిచి చాపే వ్యాయామం చేయకపోతే, ఎంత చక్కగా అమర్చిన మోకాలైనా బిగుసుకుపోతుంది. చర్ల, దుమ్ముగూడెం లోపలి గూడేలకు ఫిజియోథెరపిస్టు రావడం కష్టం. రోగిని కొన్నాళ్లు ఖమ్మంలోనో భద్రాచలంలోనో బంధువుల ఇంట ఉంచి వ్యాయామం నేర్పిస్తే, తర్వాత ఇంట్లో సొంతంగా చేసుకోగలుగుతారు. ఈ బసకూ, తోడు మనిషి తిండికీ అయ్యే ఖర్చు సహాయంలో భాగంగా లెక్కించాలి.

కాలం కూడా చూసుకోవాలి. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు. వరద రోజుల్లో మన్యం రోడ్లు మునిగితే కుట్లు తీయించుకోవడానికీ, జ్వరం వస్తే చూపించుకోవడానికీ దారి ఉండదు. అత్యవసరం కాని ఆపరేషన్ కాబట్టి జులై, ఆగస్టు నెలలు దాటాక పెట్టుకోవడం మేలు.

షుగర్ అదుపులో లేనివారికి చీము పట్టే ముప్పు ఎక్కువ. ముందు అది అదుపులోకి రావాలి. గిరిజన రోగులకు సికిల్ సెల్ పరీక్ష ముందే చేయించాలి, ఎందుకంటే ఆ జబ్బు ఉన్నవారికి ఆపరేషన్ సమయంలో ప్రత్యేక జాగ్రత్తలు అవసరం. ఆపరేషన్ తర్వాత జ్వరంతోపాటు మోకాలు ఎర్రబడి వాస్తే, మలేరియా అనుకుని ఊళ్లో మందులతో కాలం గడపకుండా ఆపరేషన్ చేసిన వైద్యుణ్ణి కలవాలి. కొత్త మోకాలిలోకి ఎవరూ సూది గుచ్చకూడదు.

మరో మాట మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. కొత్త మోకాలు సాధారణంగా 110 నుంచి 125 డిగ్రీల వరకు మడుస్తుంది. కుర్చీలో కూర్చోవడానికి, మెట్లెక్కడానికి అది చాలు. గొంతుకూర్చోవడానికి, నమాజులో మోకాళ్లమీద వెనక్కి కూర్చోవడానికి ఇంకా ఎక్కువ వంగాలి. నావిగేషన్ వాడినా ఇది మారదు. చాలామంది పెద్దలు ఆపరేషన్ తర్వాత కుర్చీలో కూర్చుని సైగలతో సజ్దా చేస్తున్నారు. ఈ సంగతి రోగికి ముందే చెప్పాలి. "మునుపటిలా సఫ్‌లో కింద కూర్చుంటాను" అన్న ఆశతో ఒప్పుకున్న మనిషి తర్వాత ఆపరేషన్ చెడిపోయిందని కుమిలిపోతాడు. మస్‌అలా విషయంలో సందేహముంటే ఆలిమ్‌లను అడిగి తెలుసుకోవచ్చు.

మరుగుదొడ్డి సంగతీ ఇంతే. పల్లెల్లో ఎక్కువ ఇళ్లలో కింద కూర్చునే దొడ్డే ఉంటుంది, కొన్ని గూడేల్లో అదీ లేదు. లక్షలు పెట్టి మోకాలు మార్చి, ఇంటికి వెళ్లాక కూర్చునే చోటు లేకపోతే ఆ మనిషి ఏం చేయాలి? ఒక కమోడ్ కుర్చీ, ఒక వాకర్, గోడకు పట్టుకునే రెండు ఇనుప కమ్మీలు. ఆపరేషన్ ఖర్చుతో పోలిస్తే ఇవి స్వల్పం. కాని రోగికి రోజూ పనికొచ్చేవి ఇవే.

సారాంశం

ఇకముందు మోకాలి అర్జీ వచ్చినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు అడగండి. నిలబెట్టి తీసిన పొడవాటి ఎక్స్‌రే ఉందా, ఎముకలో వంకర ఉందా? ఆ సర్జన్ ఈ ఆపరేషన్లు క్రమంగా చేస్తున్నారా? ఇంప్లాంట్ ధర, నావిగేషన్ చార్జీ విడిగా చూపారా, ఏ కార్డు చెల్లుతుందో తేలిందా? ఆరు వారాల వ్యాయామానికి బస ఎక్కడ? ఇంట్లో కమోడ్ కుర్చీ ఉందా?

మొదటి ప్రశ్నకు జవాబు "వంకర ఉంది" అయితే కంప్యూటర్ తోడు కోసం నిస్సంకోచంగా ఇవ్వండి. చివరి రెండింటికి "లేదు" అని జవాబు వస్తే, కంప్యూటర్ కన్నా ముందు వాటికి ఏర్పాటు చేయండి. ఇచ్చే చేతిలో ఉన్న డబ్బు పరిమితం, ఎదురుచూసే మోకాళ్లు ఎన్నో. అడిగి, తెలుసుకుని ఇస్తే అదే మొత్తంతో మరొకరు కూడా లేచి నడుస్తారు.